జెనీవాల పత్తి కేసు గెలిచిన్రు.. పైసలు ఎవలకు పోయినయ్?

2025 ఆగస్టు నెలాఖర్ల మా ఊరి పిలగాడు ఒకడు నాకు వాట్సాప్‌ల మెసేజ్ పెట్టిండు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుకుంటనే నాయినతోని నాలుగెకరాల పత్తి చేస్తున్నడు. "అన్నా, అమెరికోడు మన సరుకు మీద 50 శాతం సుంకం ఏసిండు. మనోళ్లేమో బయటి పత్తి మీద ఉన్న సుంకం తీసేసిన్రు. ఎవలిష్టమొచ్చినట్టు వాళ్లు చేస్తే అడిగెటోడు లేడా? దేశాలకు కోర్టు ఉండదా?" అని.

ఉన్నది తమ్మీ అని రాసిన. కోర్టున్నది, చట్టమున్నది. ఆ చట్టం మీద 1947ల సంతకం పెట్టిన 23 దేశాలల్ల మన దేశం సుత ఒకటి. పత్తి మీదనే ఆ కోర్టుల పెద్ద కేసు నడిసింది, అమెరికా ఓడిపోయింది. గింత రాసి ఆగిపోయిన. ఎందుకంటే ఆ తర్వాతి ముచ్చట ఫోన్ల టైపు చేసేంత చిన్నది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్న.

చట్టం అనంగనే లావు పుస్తకం యాదికొస్తది. ఇది నిజంగనే లావుది. గానీ దాని నడుమ ఉన్నయి మూడే మాటలు. వారం అంగడి తెలిసినోళ్లకు ఎవలకైనా సమజైతయ్. అంగడికి పది ఊర్ల నుంచి అమ్మెటోళ్లు వస్తరు, తైబజారు కడతరు. ఒక ఊరోని దగ్గర పది రూపాయలు, ఇంకో ఊరోని దగ్గర యాభై గుంజొద్దు, అందరికీ ఒకటే రేటు ఉండాలె. ఇది మొదటి మాట. ఎక్కువల ఎక్కువ ఎంత గుంజుతవో ముందుగాల్నే బోర్డు మీద రాసి పెట్టాలె, తక్కువ తీసుకుంటే నీ ఇష్టం గానీ రాసినదాన్ని దాటి పోవద్దు. ఇది రెండోది. ఇగ తైబజారు కట్టి లోపలికొచ్చినంక, పరాయి ఊరోడని వానికొక తక్కెడ, మనోనికి ఒక తక్కెడ పెట్టొద్దు. ఇది మూడోది.

1947ల జెనీవాల కుదిరిన ఈ ఒప్పందానికి గాట్ అని పేరు. అప్పుడు అది ఎక్కువ ఫ్యాక్టరీ సరుకు గురించే మాట్లాడేది, ఎవుసం జోలికి పెద్దగ పోలే. మీ నాయినలను, తాతలను అడుగుండ్రి, "డంకెల్" అన్న మాట యాదికున్నదా అని. 1991 డిసెంబర్ల గాట్‌ను నడిపించే ఆర్థర్ డంకెల్ అనే ఆయన ఒక ముసాయిదా పెట్టిండు. విత్తనాలు పోతయ్, సబ్సిడీలు పోతయ్ అని అప్పుడు దేశమంత లొల్లి లేసింది. ఆ ముసాయిదాల నుంచే 1994 ఏప్రిల్ల మొరాకో దేశంల మరకేష్‌ల సంతకాలైనయ్. 1995 జనవరి 1 నాడు ప్రపంచ వాణిజ్య సంస్థ, మనందరం డబ్ల్యూటీవో అనుకునేది, మొదలైంది. గిప్పుడు అందుల 166 మంది సభ్యులున్నరు. ఎవుసం గూడ ఆ చట్టం కిందికి వచ్చింది. పత్తి సుత వచ్చింది.

ఇగ కేసు ముచ్చట.

2001-02 సీజన్ల ప్రపంచ మార్కెట్ల పత్తి ధర పౌనుకు 40 సెంట్ల కాడికి పడిపోయింది. అంతకు ముందు చాన ఏండ్లల అంత కిందికి పోలే. ధర పడితే మన దగ్గర ఏమైతది? రైతు మిత్తికి తెచ్చిన పైసలు కట్టలేడు, తెల్లారి ఏడు ఎకరమో రెండెకరాలో తగ్గిస్తడు, లేకుంటే మల్ల అప్పు తెస్తడు. అమెరికాల అట్ల కాలే. అక్కడ పత్తి రైతులు సుమారు 25 వేల మంది. ధర పడ్డకొద్దీ సర్కారు ఆ తేడా పైసలు ఇచ్చుకుంట పోయే చట్టాలున్నయ్. మార్కెట్ల ధర సగమైనా ఆ రైతు ఇంటికి పోయే పైసలు సగం కాలే. ధర పడ్డదని అతను తక్కువ పెట్టుడు లేదు. పంట తగ్గకపోతే సరుకు తగ్గది, సరుకు తగ్గకపోతే ధర లేవది. పైగ ప్రపంచంల ఎగుమతయ్యే పత్తిల పెద్ద వాటా వాళ్లదే. వాళ్ల రైతు పడకుండ సర్కారు పట్టుకుంటే, ఆ బరువు వచ్చి మిగతా దేశాల రైతుల నెత్తిన పడ్డది.

బ్రెజిల్ లెక్క తీసింది. 1999 నుంచి నాలుగు సీజన్లల అమెరికాల పండిన పత్తి విలువ దాదాపు 1,394 కోట్ల డాలర్లు. ఆ పత్తికి అక్కడి సర్కారు ఇచ్చిన సాయం దాదాపు 1,250 కోట్ల డాలర్లు. అంటే వంద రూపాయల పత్తి పండిస్తే తొంబై రూపాయల దాక సర్కారు సాయం. మనకు ఎరువుల సబ్సిడీ, కరెంటు గురించి నీతులు చెప్పేటోళ్లు ఈ లెక్కను ఒకసారి చదువుకుంటే మంచిగుంటది.

ఆ ఏడు నేను బడికి పోతున్న. మా నాయిన పత్తి అమ్మిన రేటు నాకు యాదికి లేదు. యాదికున్నదల్లా ఏందంటే, యార్డు నుంచి వచ్చినంక ఆ రాత్రి ఇంట్ల ఎవ్వలు మాట్లాడలే. అమ్మ చాయ్ పెట్టింది, అది అట్లనే చల్లారింది. ఇగో, ఇక్కడ ఒక మాట సాఫ్‌గ చెప్పాలె. మన దగ్గరి పత్తి రైతుల చావులన్నీ అమెరికా సబ్సిడీ వల్లనే అంటె అబద్ధమైతది. 1997-98ల వరంగల్ జిల్లాల వందల మంది ప్రాణాలు తీసుకున్నప్పుడు పురుగు ఉన్నది, పనిచెయ్యని మందులున్నయ్, మిత్తి వ్యాపారం ఉన్నది, ఎండిన బోర్లున్నయ్. గానీ మెడకు చుట్టుకున్న తాడుకు పేటలు ఎన్నో ఉంటయ్. అందుల ఒక పేట మనకు కనపడనంత దూరంల పేనిన్రు.

2002 సెప్టెంబర్ల బ్రెజిల్ జెనీవాల కేసు వేసింది. మన దేశం సుత ఆ కేసుల మూడో పక్షంగ కూసున్నది, అంటే మాకు గూడ ఇందుల సంబంధం ఉన్నది, మా మాట సుత వినుండ్రి అని. ఆఫ్రికా నుంచి బెనిన్, చాడ్ గట్లనే వచ్చినయ్. అమెరికా వాదన ఏందంటే, ఎవుసం సబ్సిడీల మీద 2003 ఆఖరు దాక ఎవ్వలు కేసులు వెయ్యొద్దని ఒప్పందంల ఒక శాంతి షరతు ఉన్నది, మమ్మల్ని అడగనీకి లేదు అని. ఉన్న మాట నిజమే. గానీ ఆ షరతుకు ఒక తోక ఉన్నది, 1992 నాటి సబ్సిడీని దాటొద్దు అని. విచారణ చేసినోళ్లు లెక్క చూసి, పత్తిల మీరు దాన్ని ఎప్పుడో దాటిన్రు, ఆ గొడుగు మీకు లేదు అన్నరు. 2004 సెప్టెంబర్ల మొదటి తీర్పు వచ్చింది. అమెరికా అప్పీలుకు పోయింది. 2005 మార్చిల అప్పీలు కోర్టు సుత అదే అన్నది. ప్రపంచ పత్తి ధరను అమెరికా సబ్సిడీలు గట్టిగనే అణగదొక్కినయ్ అని రాతపూర్వకంగ తేల్చింది. అమెరికా పత్తి కొంటే అక్కడి మిల్లులకు, ఎగుమతిదార్లకు పైసలిచ్చే ఒక స్కీము ఉండె, స్టెప్ 2 అని. అదైతే మొత్తానికే నిషేధం అన్నరు.

ఇంత పెద్ద దేశాన్ని పట్టుకొని నువ్వు తప్పు చేసినవ్ అని ఒక కోర్టు చెప్పుడు చిన్న ముచ్చట కాదు. నేను చానేండ్ల తర్వాత ఈ తీర్పు గురించి చదివినప్పుడు ఆ చల్లారిన చాయ్ యాదికొచ్చింది. ఎక్కడో ఒక కాడ ఎవలో లెక్క రాసిన్రు కదా అనిపించింది.

గానీ తీర్పు వచ్చినంక ఏమైంది? స్టెప్ 2ను 2006ల తీసేసిన్రు. మిగతాయి నడిసినయ్. ఇక్కడ ఈ చట్టం అసలు రంగు బయటపడతది. డబ్ల్యూటీవోకు పోలీసు లేడు, జైలు లేదు, జప్తు లేదు. ఓడిన దేశం మాట వినకపోతే, గెలిచిన దేశం ఆ దేశపు సరుకు మీద సుంకం పెంచుకోవచ్చు. ఉన్న శిక్ష అదే. అంటే నీ చేతుల కట్టె ఉంటెనే నీకు న్యాయం. బ్రెజిల్ చేతుల కట్టె ఉండె. ఎంత వరకు కొట్టొచ్చో 2009ల మధ్యవర్తులు చెప్పిన్రు. 2010 మార్చిల బ్రెజిల్ 102 రకాల అమెరికా సరుకుల లిస్టు బయట పెట్టింది, 59 కోట్ల డాలర్ల విలువ. ఇంకో 24 కోట్ల దాక సుంకాలతోని కాకుండ, అమెరికా కంపెనీల పేటెంట్ల మీద, కాపీరైట్ల మీద దెబ్బ కొడతమన్నది. ఇది అసలు దెబ్బ. కార్లు అమ్మెటోళ్లు, మందుల కంపెనీలు, సినిమాలోళ్లు.. పత్తితోని ఏ సంబంధం లేనోళ్లంత వాషింగ్టన్‌ల తలుపులు కొట్టుడు మొదలైంది. మీ పత్తి కోసం మేమెందుకు మునగాలె అని.

అప్పుడు అమెరికా ఏం చేసిందో వింటే నవ్వొస్తది. సబ్సిడీ ఆపలే. బ్రెజిల్ పత్తి రైతుల కోసం ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్లు ఇస్తం, మీ లిస్టు పక్కన పెట్టుండ్రి అన్నది. నెల నెలా జీతం లెక్క కట్టింది. అంటే తన రైతుకు సబ్సిడీ ఇచ్చుకునుడు ఆగకుండ ఉండేటందుకు, అవతలి దేశం రైతుకు సుత పైసలిచ్చింది. ఆఖరుకు 2014 అక్టోబర్ల ఇంకో 30 కోట్ల డాలర్లు ఒక్కసారే ఇచ్చి కేసు బంద్ చేయించుకున్నది. ఆ పైసలతోని బ్రెజిల్ల పత్తి కోసం ఒక సంస్థనే పెట్టుకున్నరు.

మరి ఆ ధర పడ్డప్పుడు మునిగిన మిగతా రైతులు? కేసు వేసింది బ్రెజిల్ కాబట్టి పరిహారం బ్రెజిల్‌దే. 2003ల మాలి, బుర్కినా ఫాసో దేశాల అధ్యక్షులు ఇద్దరు న్యూయార్క్ టైమ్స్ పేపర్ల వ్యాసం రాసిన్రు, మీ సబ్సిడీలు మా గొంతు నులుముతున్నయ్ అని. బెనిన్, చాడ్ కలిపి ఆ నాలుగు దేశాలు జెనీవాల పత్తి కోసం ప్రత్యేకంగ అర్జీ పెట్టినయ్. అర్జీ మీద మాటలు మస్తు నడిసినయ్. తీర్పుల వాళ్లకంటూ రాసిన రూపాయి లేదు, మనకు అంతకన్న లేదు. పైగ ఈ చట్టంల ఇంకో సంగతి ఉన్నది, చాన మందికి తెల్వదు. ఇది జరిగిపోయిన నష్టానికి పైసలు ఇప్పియ్యది. ఇక ముందు తప్పు చెయ్యకు అంటది, అంతే. 2001ల మా నాయినకు పోయింది ఏ తీర్పుల రాదు.

కట్టె లేనోళ్ల సంగతి చూడాలంటే ఆంటిగ్వా అనే చిన్న దీవి దేశాన్ని చూడుండ్రి. క్రికెట్ చూసెటోళ్లకు వివియన్ రిచర్డ్స్ ఊరంటే తెలుస్తది. మన దగ్గర ఒక్క మండలమంత జనం. ఇంటర్నెట్ జూదం విషయంల అమెరికా మీద కేసు వేసి గెలిచింది. ఏడాదికి 2 కోట్ల 10 లక్షల డాలర్ల దాక బదులు తీర్చుకో అని 2007ల తేల్చిన్రు. గానీ ఆ దీవి అమెరికా సరుకు మీద సుంకం పెంచితే అమెరికాకు దోమ కుట్టినట్టు సుత ఉండది, ఆ దీవిల బియ్యం, నూనె ధరలు పెరుగుతయ్ అంతే. కాగితం చేతుల ఉన్నది, దానితోని చేసేది లేదు.

తాళం వేసిన కోర్టు

అయినా సరే, తీర్పు అన్నదొకటి వచ్చేది. గిప్పుడు అది సుత లేదు.

అప్పీలు కోర్టుల ఏడుగురు ఉండాలె. ఒక్క కేసు వినాలంటే ముగ్గురు కావాలె. ఒకల పదవీకాలం అయిపోతే కొత్తోళ్లను పెట్టాలె, దానికి దేశాలన్ని ఒప్పుకోవాలె. ఒక్కరు కాదంటే ఆగిపోతది. అమెరికా కాదన్నది. ఈ కోర్టు తనకు ఇచ్చిన అధికారం దాటి చట్టాన్ని కొత్తగ రాస్తున్నది, గడువులు పాటిస్తలేదు అని దాని ఫిర్యాదు. ట్రంపు ఒక్కడే చేసిండనుకోకుండ్రి. 2016ల ఒబామా ఉన్నప్పుడే కొరియా నుంచి ఉన్న సభ్యునికి రెండోసారి ఇయ్యకుండ ఆపిన్రు. తర్వాత ట్రంపు అన్ని నియామకాలు ఆపిండు. బైడెన్ వచ్చినా తాళం తియ్యలే. 2019 డిసెంబర్ల ఇద్దరి పదవీకాలం ఒకటేసారి అయిపోయింది, అందుల ఒకాయన మన దేశపోడు, ఉజల్ సింగ్ భాటియా. ఒక్కరే మిగిలిన్రు. 2020 నవంబర్ ఆఖరుకు ఆ ఒక్కరు సుత పోయిన్రు. గప్పటి సంది ఆ కుర్చీలు ఏడు ఖాళీ.

ఇందుల కిటుకు ఏందంటే, కింది విచారణ ఇంక నడుస్తున్నది, తీర్పులు వస్తున్నయ్. ఓడినోడు "నేను అప్పీలుకు పోతున్న" అంటడు. వినెటోళ్లు లేరు కాబట్టి ఆ అప్పీలు ఎన్నటికి తేలది. అప్పీలు తేలేదాక తీర్పు అమలు కాదు. 2018ల అమెరికా స్టీలు, అల్యూమినియం మీద దేశ భద్రత పేరు చెప్పి సుంకాలేసింది. అది చట్టానికి విరుద్ధమని 2022 డిసెంబర్ల తీర్పొచ్చింది. అమెరికా ఖాళీ కుర్చీలకు అప్పీలు పెట్టుకొని ఇంట్ల కూసున్నది.

మరి మా పిలగాడు అడిగిన 50 శాతం సంగతేంది? 2025 ఆగస్టు 7 నుంచి 25, ఆగస్టు 27 నుంచి రష్యా నూనె కొంటున్నమని ఇంకో 25 ఏసిండు. ఒక దేశానికి ఒక రేటు, ఇంకో దేశానికి ఇంకో రేటు. అంగడి మొదటి మాట పోయింది. బోర్డు మీద రాసిందాన్ని దాటింది, రెండో మాట సుత పోయింది. తన దేశంల ఉన్న 1977 నాటి అత్యవసర చట్టాన్ని చూపెట్టి ఇదంత చేసిండు. కేసు వేసుంటే మనం గెలిచెటోళ్లమేమో. గెలిచినంక ఏమైతదో పైన చెప్పిన.

ఇక్కడ అమెరికాను తిట్టి ఊకుంటే సగమే చెప్పినట్టైతది. ఆ తాళం తలుపును మనం సుత వాడుకున్నం. చెరుకు ధర, చక్కెర ఎగుమతి సబ్సిడీల మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాల మన మీద కేసు వేసినయ్. 2021 డిసెంబర్ల మనం ఓడినం. 2022 జనవరిల మనం సుత ఖాళీ కుర్చీలకు అప్పీలు పెట్టినం. చెరుకు రైతు కోణంల చూస్తే నాకు అది తప్పనిపించది. గానీ ఆ పని చేసి, తెల్లారి అమెరికాను చట్టం పాటించు అంటె మన గొంతు కొంచెం కీసు పోతది. అప్పీలు కోర్టు లేదని యూరప్, చైనా, బ్రెజిల్ వంటి దేశాలు 2020ల వాళ్లల్ల వాళ్లే ఒక తాత్కాలిక పంచాయితి పెట్టుకున్నయ్. అందుల మనం చేరలే. ఎందుకు చేరలేదో ఈ చక్కెర కేసు చూస్తే అర్థమైతది.

మద్దతు ధర మీద ఉన్న కత్తి

మద్దతు ధరకు ఈ చట్టానికి ఉన్న ముడి గురించి పల్లెల్ల ఎవ్వలు చెప్పరు. జర ఓపికతోని వినుండ్రి, ఇది మన ఇంటి సంగతి.

చట్టం ప్రకారం మన వంటి దేశం ఒక పంటకు ఇచ్చే ఈ తీరు సాయం ఆ పంట మొత్తం విలువల 10 శాతం దాటొద్దు. సరే అనుకుందం. ఆ సాయం ఎంతో ఎట్ల లెక్క కడతరు? ఇప్పటి మద్దతు ధరలకెళ్లి 1986-88 నాటి ప్రపంచ ధరను తీసేస్తరు. అవును, 1986-88. నేను గూడ మొదటిసారి చదివినప్పుడు అచ్చు తప్పు అనుకున్న. ఆ ధర బియ్యానికి టన్నుకు 262 డాలర్ల పైచిలుకు. అప్పటి రూపాయల్ల క్వింటాలుకు సుమారు 352. 2025-26ల సాదా వడ్లకు మద్దతు ధర 2,369 ఉండె, బియ్యం లెక్కకు తెస్తే 3,500 దాటుతది. ఆ 3,500లకెళ్లి 352 తీసేస్తే మిగిలినదంత రైతుకు ఇచ్చిన సబ్సిడీ అని రాసుకుంటరు. నలభై ఏండ్ల సంది ధరలు పెరగనే లేదన్నట్టు. అందుకే మనోళ్లు డాలర్లల్ల లెక్క చూపెడతరు, అమెరికా వంటోళ్లు రూపాయల్ల చూపెట్టు అంటరు. ఒకే పంట, ఒకే ధర, లెక్క మారితే దొంగ, లెక్క మారితే దొర.

2013 డిసెంబర్ల బాలి సమావేశంల మన దేశం మొండిగ నిలబడి ఒక శాంతి షరతు సంపాయించింది. శాశ్వత పరిష్కారం దొరికేదాక ఆహార భద్రత కోసం కొని నిల్వ పెట్టే పంటల మీద కేసు వెయ్యొద్దని. 2018-19ల బియ్యం విషయంల మనం 10 శాతం దాటినం, మొదటిసారి ఆ గొడుగు తెరిసినం. ఐకేపీ సెంటర్ల మీ వడ్లు కొంటున్నరంటే దాని వెనుక ఈ గొడుగు సుత ఉన్నది.

గానీ ఆ గొడుగు తిండి పంటలకే. పత్తి తినేది కాదు కదా. పత్తికి ఆ గొడుగు లేదు.

2018 నవంబర్ల అమెరికా జెనీవాల ఒక కాగితం పెట్టింది. ఇండియా పత్తి మద్దతు ధర సాయాన్ని తక్కువ చేసి చూపెడుతున్నది, అసలు లెక్క 10 శాతాన్ని ఎన్నో రెట్లు దాటింది అని. ఎవలు? పత్తి కేసుల ఓడిపోయి, బ్రెజిల్‌కు పైసలు కట్టి నాలుగేండ్లు గడిచిన అమెరికా. వాళ్లు దేశంల పండిన పత్తి మొత్తానికి మద్దతు ధర ఇచ్చినట్టు లెక్క కట్టిన్రు. మనోళ్లేమో సీసీఐ కొన్నంత వరకే లెక్క అంటరు. మార్కెట్ల ధర మద్దతు ధర కంటె పైన ఉన్నప్పుడు సీసీఐ కొనేది ఏముంటది? కొనని పత్తికి ఇయ్యని సాయాన్ని సబ్సిడీ అనుడు ఏం లెక్కనో నాకైతే తలకెక్కలే. అది కాగితంగనే ఉన్నది, కేసు కాలే. గానీ రేపు ఏ ఒప్పందం మాటల్లనైనా అది బల్ల మీదికి వస్తది.

సుంకం తీసింది జెనీవా కాదు

ఇగ ఆగస్టు ముచ్చటకు వద్దాం. బయటి పత్తి మీద 11 శాతం సుంకం ఉండె. 2021 బడ్జెట్ల పెట్టిన్రు, 5 శాతం కస్టమ్స్, 5 శాతం ఎవుసం సెస్సు, వాటి మీద సర్‌చార్జి. 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 దాక దాన్ని మొత్తం మాఫీ చేసిన్రు. ఆగస్టు 27న అమెరికా 50 శాతం అమలైంది. తెల్లారి 28న, మాఫీని డిసెంబర్ 31 దాక పొడిగించిన్రు. తెలంగాణల ఆ వానకాలం దాదాపు 45 లక్షల ఎకరాలల్ల పత్తి ఉండె. మనం ఏరేది ఎప్పుడు? అక్టోబర్, నవంబర్, డిసెంబర్. సరిగ్గ ఆ మూడు నెలలు తలుపులు బార్లా తెరిసి పెట్టిన్రు.

మిల్లులోళ్ల బాధ నాకు తెల్వక కాదు. అప్పుడు అమెరికాల 50 శాతం కట్టాలంటే తిరుపూర్ల అంగీలు కుట్టెటోళ్లు ఎట్ల బతకాలె? వాళ్లు సుత మన అసొంటి కూలి జనమే, మన పాలమూరు, ఆదిలాబాద్ దిక్కు నుంచి గూడ బతకపోయినోళ్లున్న లోకమే అది. వాళ్లకు చౌక పత్తి కావాలె, నిజమే. గానీ అమెరికోడు ఏసిన దెబ్బకు మందు పూసే ఖర్చు ఎవల జేబులకెళ్లి తీసిన్రు అన్నది నా అడుగుడు. బడ్జెట్లకెళ్లి మిల్లులకు సాయం చెయ్యొచ్చు. అది కాకుండ పత్తి రైతు ధరలకెళ్లి కోస్తే, ఆ ఖర్చు ఏ లెక్క పుస్తకంల కనపడది.

చట్టం దీనికి ఏమంటది? ఏమనది. బోర్డు మీద రాసినదాన్ని దాటి పెంచొద్దు అంటది గానీ, తగ్గిస్తే వద్దనది. సుంకం తీసెయ్యమని జెనీవా మనకు చెప్పలే, 11 శాతం ఉంచుకునే హక్కు మనకు పూర్తిగ ఉన్నది. ఇది ఢిల్లీల తీసుకున్న నిర్ణయం. కస్టమ్స్ చట్టం కింద ఒక నోటిఫికేషన్, గెజిట్ల రెండు పేజీలు. దాని కోసం పార్లమెంటుల ముందుగాల చర్చ పెట్టనక్కర లేదు, పత్తి రైతును పిలిచి అడగనక్కర లేదు. మనం ఎప్పుడు చూసినా డబ్ల్యూటీవో మెడ మీద కత్తి పెట్టింది అనుకుంటం. ఈసారి కత్తి మన ఇంట్లదే.

ఇంకొకటి. మొదటి మాట యాదున్నది కదా, అందరికీ ఒకటే రేటు. మాఫీ సుత అట్లనే అందరికీ వచ్చింది, ఒక్క అమెరికాకే కాదు. అందుల బ్రెజిల్ ఉన్నది. 2023-24ల అమెరికాను దాటేసి ప్రపంచంల అందరికన్న ఎక్కువ పత్తి ఎగుమతి చేసిన దేశం బ్రెజిల్. పత్తి కేసు గెలిచి, నెల నెలా పైసలు తీసుకొని, దాంతోని పత్తి సంస్థ పెట్టుకున్న బ్రెజిల్. దాని ఎదుగుదల అంత ఆ పైసలతోనే వచ్చింది అంటలేను, విశాలమైన భూములు, మిషన్లు, పెట్టుబడి మస్తున్నయ్ దానికి. గానీ అదే కేసుల పక్కన కుర్చేసుకొని కూసున్న మన దేశం రైతు, 2025 ఆఖరు నెలలల్ల ఆ దేశం పత్తి సుంకం లేకుండ ఓడరేవుల దిగుతుంటె చూసిండు.

డబ్ల్యూటీవోల నుంచి బయటికి వచ్చేద్దాం అనే దోస్తులున్నరు నాకు. ఉద్యమాలల్ల నుంచి వచ్చినోళ్లు, వాళ్ల కోపం నాకు తెలుసు. వస్తే 352 రూపాయల లెక్క పోతది, నిజమే. గానీ ఒక్కొక్క దేశంతోని ఒంటరిగ బేరం చెయ్యాలె, అమెరికాతోని సుత. చట్టం లేని అంగడి ఎట్ల ఉంటదో 2025 ఆగస్టుల చూసినం కదా, 25 అంటడు, పొద్దుగూకేసరికి 50 అంటడు. ఆ చట్టం వంకరదే, దాంట్ల 1986-88 లెక్కను సరి చేయించాలె, పత్తికి గూడ గొడుగు అడగాలె. 2026 మార్చిల మంత్రుల సమావేశం కామెరూన్ దేశంల యావుండేల. పక్కనే చాడ్, కామెరూన్ల సుత పత్తి పండుతది. పత్తి మాట ఎత్తనీకి అంతకన్న మంచి జాగ దొరకది. మన పత్తి జిల్లాల ఎంపీలు, ఏ పార్టీ అయినా, అసొంటి సమావేశాలల్ల మనోళ్లు ఏమడుగుతరో పార్లమెంటుల అడిగితే మంచిది. దానికన్న ముందు, ఆ 11 శాతం సంగతి ఏందో అడగాలె.

ఇది రాస్తున్నప్పుడే ఆ పిలగాడు మల్ల మెసేజ్ పెట్టిండు. "యార్డుకు పోయొచ్చినం అన్నా. మొంథా తుపాను వానకు తడిసిన పత్తి, తేమ 18 చూపెట్టింది. 12 దాటితే 8,110 మద్దతు ధర లేదు కదా. బయటోనికి 6,500కు ఇచ్చినం. అన్నా, బ్రెజిల్ రైతుకు సుత ఈ తేమ మిషన్ పెడతరా?"

వాళ్లది మిషన్లతోని ఏరుతరు, బేళ్లు కట్టినంకనే మన దాక వస్తది అని రాసిన. బ్లూ టిక్కులు పడ్డయ్. జవాబు ఇంక రాలె.